లెక్కకు రానివాళ్లు

(షోలాపూర్‌లో మన యూనియన్ వార్షిక సభలో ఒక పరిశోధకురాలు చేసిన ప్రసంగ పాఠం. ఆమె మన మిల్లు కార్మికుని కూతురు. సభకు రాలేకపోయిన సభ్యుల కోసం పూర్తిగా ప్రచురిస్తున్నాం.)



అధ్యక్షులవారు నన్ను డాక్టరమ్మ అని పరిచయం చేశారు. ఆ మాట వినగానే ముందు వరుసలో ఉన్న అవ్వ తన మోకాలి నొప్పి సంగతి చెప్పడం మొదలుపెట్టింది. అవ్వా, నేను మందులు రాసే డాక్టర్ను కాను. పిహెచ్.డి. చేసినందుకు పేరు ముందు ఆ మాట వచ్చి చేరింది. కార్మికుల ఆరోగ్యం మీద లెక్కలు కట్టడం నా పని. ఏ ఖాతాలో ఎంతమందికి జబ్బు వచ్చింది, ఎన్నేళ్ల నౌకరీ తర్వాత వచ్చింది, ఎవరు బతికి బయటపడ్డారు అని రాసుకుంటాను. ఇవాళ ఆ లెక్కల్లోకి రాకుండా పోయేవాళ్ల గురించి నాలుగు మాటలు చెప్పాలని వచ్చాను.

మా నాన్నతోనే మొదలుపెడతాను. ఆయన ఈ ఊళ్లోనే ఒక మిల్లులో కార్డింగ్ ఖాతాలో పని చేశాడు. 1968లో బదిలీగా చేరి ఆరేళ్లకు పర్మనెంటు అయ్యాడు. ఆ మిల్లు ఇప్పుడు లేదు, దాని పేరుతో మనకు పని లేదు. నాకు ఊహ తెలిసేనాటికే మా ఇంట్లో ఒక రివాజు ఉండేది. సెలవు మర్నాడు నాన్న పాళీ నుంచి రాగానే ఎవరూ ఆయనను పలకరించేవాళ్లం కాదు. గడప మీద కూర్చుని గోడకు ఆనుకుని, ‘రొమ్ము మీద రాయి పెట్టినట్టుంది’ అనేవాడు. అమ్మ బీడీల చాట పక్కన పెట్టి మిరియాల కషాయం కాచేది. రెండోనాటికి తగ్గేది, మూడోనాటికి ఆయన మామూలు మనిషి. మళ్లీ సెలవు, మళ్లీ రాయి. పదేళ్లు అట్లా గడిచాక ఆ రాయి వారమంతా ఉండడం మొదలైంది. టి.బి. అని రెండుసార్లు మందులు వాడించారు. 1989లో, 43 ఏళ్ల వయసులో, హిసాబు తీసుకుని ఇంట్లో కూర్చున్నాడు. హిసాబు కాగితంలో ‘స్వచ్ఛందంగా రాజీనామా’ అని రాసి ఉంది.

ఆ తర్వాత రెండేళ్లకు కాబోలు, అదే మిల్లుకు ఎవరో సర్వేకు వచ్చారు. పాళీలో ఉన్నవాళ్లను వరుసగా నిలబెట్టి ప్రశ్నలడిగి, గొట్టంలో ఊదించి వెళ్లారు. నాన్న జతగాడు ఒకాయన సాయంత్రం మా ఇంటికొచ్చి, ‘మన ఖాతాల అందరు మంచిగున్నరని చెప్పిండ్రు’ అన్నాడు. మిల్లు గేటుకు పావు మైలు దూరంలో మంచం మీద కూర్చుని మా నాన్న ఆ మాట విన్నాడు. ఆయన నవ్వాడని నాకు గుర్తు. నవ్వు మధ్యలో దగ్గు వచ్చింది.

ఈ సంగతికి మా శాస్త్రంలో ఒక పేరు ఉందని నాకు ఇరవై ఏళ్ల తర్వాత, తరగతి గదిలో తెలిసింది. ఆరోగ్యవంత కార్మిక ప్రభావం అంటారు. జబ్బుపడినవాడు పని మానేస్తాడు, తట్టుకున్నవాడు ఉంటాడు. ఉన్నవాళ్లను మాత్రమే పరీక్షిస్తే ఖాతా అంతా ఆరోగ్యంగానే కనబడుతుంది. పెళ్లి పందిట్లో నిలబడి ఊళ్లో మంచాన పడ్డవాళ్లు ఎంతమందో లెక్కపెట్టినట్టు ఉంటుంది అది. ఆ రోజు మేష్టారు బోర్డు మీద రాస్తుంటే నేను నోటు పుస్తకంలో ఏమీ రాసుకోలేకపోయాను.

నాన్న జబ్బు పేరు బిస్సినోసిస్. దూది దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు. ఇది కొత్తగా కనిపెట్టినదేం కాదు. జనపనార, అవిసెనార దువ్వేవాళ్ల దగ్గును గురించి ఇటలీలో రమజ్జీని అనే వైద్యుడు 1700 లోనే రాశాడు. 1831లో మాంచెస్టర్ నూలు మిల్లుల్లో కే అనే డాక్టరు రాశాడు. 1877లో ఫ్రాన్సులో ప్రూస్ట్ అనే ఆయన దీనికి ఈ పేరు పెట్టాడు. అయినా లాంకషైర్ మిల్లుల్లో 1950 తర్వాత రిచర్డ్ షిల్లింగ్ అనే పరిశోధకుడు కార్డింగ్ గదుల్లోకి వెళ్లి కార్మికులను పద్ధతిగా అడిగేదాకా, ఇది చాలావరకు తగ్గిపోయిన జబ్బని చాలామంది అనుకునేవారు. ఆయన అడిగిన ముఖ్యమైన ప్రశ్న చాలా చిన్నది: వారంలో ఏ రోజు ఎక్కువగా ఉంటుంది? ఆ ప్రశ్న మీదనే ఆయన మెట్లు కట్టాడు. ఎప్పుడో ఒక సోమవారం ఛాతీ పట్టేస్తే అర మెట్టు, ప్రతి సోమవారం పట్టేస్తే ఒకటి, మిగతా రోజులకూ పాకితే రెండు, ఇక తిరిగి రాని విధంగా ఊపిరి తగ్గిపోతే మూడు. మా ఇంటి గడప మీద నేను చూసినది ఒకటో మెట్టు నుంచి మూడో మెట్టు దాకా సాగిన ప్రయాణం.

సోమవారమే ఎందుకంటే, వారమంతా దుమ్ములో ఉన్న శరీరం దానికి కొంత అలవాటు పడుతుంది. సెలవు రోజున ఆ అలవాటు పోతుంది. మీ వారపు సెలవు బుధవారమైతే మీ ‘సోమవారం’ గురువారం. ఇది గుర్తుపెట్టుకోండి, డాక్టరు దగ్గర పనికొస్తుంది. ఇంకొక మాట. ఈ జబ్బుకు ఎక్స్‌రేలో ప్రత్యేకమైన మచ్చ ఏదీ కనబడదు. ఎక్స్‌రే బాగుందంటే ఊపిరి బాగుందని కాదు. సెలవు మర్నాడు పాళీకి ముందు ఒకసారి, పాళీ తర్వాత ఒకసారి ఊదించి కొలిస్తే తేడా తెలుస్తుంది. దూదికి అంటుకుని వచ్చే ఆకు ముక్కల్లో, చెత్తలో ఉండే సూక్ష్మజీవుల విషం దీనికి ముఖ్య కారణమని 1987లో అమెరికాలో చేసిన ప్రయోగాలు చూపించాయి. దుమ్ము ఎంత ఉందన్నదాని కంటే ఆ విషం ఎంత ఉందన్నదే ఊపిరి మీద ఎక్కువ పని చేసింది. అందుకే దూది విప్పే బ్లోరూం, కార్డింగ్ ఖాతాల్లో ఎక్కువ, నేత ఖాతాలో తక్కువ. తక్కువ అన్నాను, లేదనలేదు.

మన దేశంలో ఈ జబ్బు అరుదని చాలాకాలం అనుకున్నారు. అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ పరిశోధకులు అక్కడి మిల్లుల్లో చూసి 1989లో ప్రచురించిన లెక్క ప్రకారం బ్లోరూంలో నూటికి దాదాపు 30 మందికి, కార్డింగ్‌లో దాదాపు 38 మందికి ఉంది. ఇది ఆ రోజున పనిలో ఉన్నవాళ్ల లెక్క. హిసాబు తీసుకుని పోయినవాళ్లు ఇందులో లేరు.

చట్టం సంగతి తొందరగా చెబుతాను, కార్యదర్శిగారు దీని మీద వేరే తరగతి పెడతానన్నారు. 1948 ఫ్యాక్టరీల చట్టంలో, తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలియజేయవలసిన జబ్బుల జాబితాలో బిస్సినోసిస్ ఉండేది. గాలిలో ముడి దూది దుమ్ము ఘనపు మీటరుకు 0.2 మిల్లీగ్రాములు దాటకూడదని 1987 సవరణతో రాశారు. ఈఎస్ఐ చట్టం 3వ షెడ్యూలులో ఇది వృత్తి వ్యాధి, అంటే పని వల్ల వచ్చిన గాయంతో సమానం. ఆ చట్టాల స్థానంలో 2020 లో చేసిన కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చాయి. వాటి జాబితాల్లోనూ ఈ పేరు ఉంది. అయితే కరెంటుతో నడిచే చోట ఫ్యాక్టరీ అనిపించుకోవడానికి ఇంతకుముందు 10 మంది చాలేది, ఇప్పుడు 20 మంది ఉండాలి. మన తూర్పు భాగంలో 20 మంది ఉన్న సాంచెల కార్ఖానాలు ఎన్నో మీకే తెలుసు. జాబితాలో జబ్బు ఉంటుంది, జాబితా వర్తించే చోట మనం ఉండం. ఇక ఇంట్లో బీడీలు చేసే మా అమ్మలాంటివాళ్ల ఊపిరి ఏ ఖాతా కింద రాస్తారో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.

మరి ఎక్కడా ఎవరూ గెలవలేదా? గెలిచారు, కాని లెక్క మార్చి గెలిచారు. అమెరికాలో దక్షిణ రాష్ట్రాల మిల్లు యజమానులు తమ దగ్గర ఈ జబ్బే లేదని వాదించేవారు. 1969లో అక్కడి వస్త్ర పరిశ్రమ పత్రిక ఒకటి ఇదంతా డాక్టర్లు పుట్టించిన కథ అని, తక్కువ జాతులకు వచ్చే రోగమని రాసింది. పరిశోధకులను మిల్లుల్లోకి రానివ్వకపోతే, యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన బోహూయిస్ అనే డాక్టరు అట్లాంటా జైలులో ఖైదీలు పనిచేసే నూలు మిల్లుకు వెళ్లి పరీక్షించాడు. జబ్బు ఉందని తేలింది. తర్వాత 1975లో ఉత్తర, దక్షిణ కరోలినా రాష్ట్రాల్లో పని మానేసిన ముసలి కార్మికులు బ్రౌన్ లంగ్ అసోసియేషన్ అని సంఘం పెట్టుకున్నారు. ఊళ్లలో ఊపిరి పరీక్షలు పెట్టించి, హిసాబు తీసుకుని ఇంట్లో కూర్చున్నవాళ్లను పిలిచి పేర్లు రాయించారు. మెట్లు ఎక్కలేనివాళ్లు విచారణలకు వెళ్లి సాక్ష్యం చెప్పారు. 1978లో దుమ్ముకు హద్దు పెడుతూ నియమం వచ్చింది, నూలు ఖాతాల్లో ఘనపు మీటరుకు 200 మైక్రోగ్రాములు. మన 0.2 మిల్లీగ్రాములూ అదే అంకె. యజమానులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఇంత ఖర్చుకు తగిన లాభం ఉందా అని లెక్క చూడాలన్నది వాళ్ల వాదన. చట్టం కార్మికుని ఆరోగ్యానికే ముందు స్థానం ఇచ్చింది, అటువంటి తూకం అక్కర్లేదని 1981లో కోర్టు తీర్పు చెప్పింది.

చైనాలో షాంఘై మిల్లుల్లో 1981లో మొదలైన ఒక పరిశోధన నాకు చాలా ఇష్టం. హార్వర్డ్ పరిశోధకులు అక్కడివాళ్లతో కలిసి, నూలు మిల్లు కార్మికులను, పట్టు మిల్లు కార్మికులను పక్కపక్కన పెట్టి దశాబ్దాల తరబడి వెంట వెళ్లారు. పని మానేసినా, రిటైరైనా వదలలేదు. దుమ్ము మానేశాక ఊపిరి కొంత కోలుకుంటుందని, బీడీ సిగరెట్ తాగేవాళ్లలో నష్టం ఇంకా ఎక్కువని దానివల్లే తెలిసింది. ఇంటికి వెళ్లి అడిగితేనే దొరికే జవాబులివి.

ఇప్పుడు ఒక గొర్రె కథ. మిల్లు సభలో గొర్రెలేమిటని వెనకనున్న తమ్ముళ్లు నవ్వుతున్నారు. మనలో కురుమల ఇళ్ల అల్లుళ్లు, కోడళ్లు ఎంతమంది లేరు! మన తాతలు కప్పుకున్న నల్ల గొంగడి దక్కనీ గొర్రె ఉన్నిదే. నూలుకు మనం గంజి పెట్టినట్టే దాని పడుగుకు చింతగింజల గంజి పెడతారు. అదీ మన నేతే. నాకు లెక్క కట్టడం సరిగ్గా నేర్పింది కూడా ఒక గొర్రెల పరిశోధనే.

దక్కనీ గొర్రె ఈతకు మామూలుగా ఒకే పిల్లను పెడుతుంది. బెంగాల్‌లో సుందరవనాల దగ్గర గరోల్ అనే చిన్న గొర్రె ఉంది, అది తరచు రెండు మూడు పిల్లలు పెడుతుంది. దానికి కారణం ఒక్క జన్యువు. 1792, 93 సంవత్సరాల్లో బెంగాల్ నుంచి ఓడల్లో ఆస్ట్రేలియాకు పోయిన గొర్రెల ద్వారానే అక్కడి బూరూలా మెరినో మందలకు ఈ గుణం వచ్చిందని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. మన పడమట సతారా జిల్లా ఫల్టణ్‌లో నింబ్‌కర్ వ్యవసాయ పరిశోధన సంస్థ 1990ల నుంచి గరోల్ గొర్రెలను తెచ్చి, ఆ జన్యువును దక్కనీ గొర్రెల్లోకి ఎక్కించింది. గరోల్ మరీ చిన్నది కాబట్టి సంకరం పిల్లలు కూడా గిడసబారాయి. వాటిని మళ్లీ మళ్లీ దక్కనీ పొట్టేళ్లతో కలిపి, ఒడ్డూ పొడుగూ తిరిగి తెచ్చి, జన్యువును మాత్రం నిలుపుకున్నారు.

ఇక్కడ రెండు రకాలుగా లెక్క పెట్టవచ్చు. ఎన్ని పిల్లలు పుట్టాయన్నది ఒకటి. ఆ లెక్కన తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు వైపులా ఆ జన్యువు వచ్చిన గొర్రె గొప్పది, మూడేసి కూడా పెడుతుంది. కాపరి దగ్గర మూడు నెలలకు ఎన్ని బతికి ఉన్నాయన్నది రెండోది. మేత కోసం మందను మైళ్లకొద్దీ నడిపించే కాపరికి మూడు పిల్లల తల్లికి చాలినంత మేత ఎక్కడిది, పాలెక్కడివి? ఫల్టణ్ వాళ్లు తమ ఫారంతో ఆగకుండా కాపరుల సొంత మందల్లోకి వెళ్లి, పాలు మానే నాటికి బతికి ఉన్న పిల్లలను లెక్కపెట్టారు. ఒకవైపు నుంచే జన్యువు వచ్చి, కవలలు పెట్టే గొర్రే కాపరికి మేలని తేలింది. అంతకు ముందు ఉన్ని కోసం మెరినో, రాంబులే వంటి సీమ పొట్టేళ్లతో సంకరం చేసిన రోజులూ ఉన్నాయి. అవి మన ఎండకు, మన నడకకు అంతగా అబ్బలేదు.

చచ్చిపోయిన గొర్రెపిల్లను కూడా లెక్కలో రాసుకున్నవాళ్లను చూశాక, మా నాన్నను ఎందుకు రాసుకోలేదని నాకు మళ్లీ అనిపించింది. తప్పుగా అనుకోకండి, గొర్రెతో మనిషిని పోల్చడం లేదు.

ఇక మూడో లెక్క మన పిల్లలది. ప్రభుత్వ ఉన్నత విద్యా సర్వే ప్రకారం 2021-22లో దేశంలో పిహెచ్.డి. చేస్తున్నవాళ్లు 2 లక్షల 12 వేల మంది. 2014-15లో ఇది 1 లక్షా 17 వేలే. వారిలో ఆడపిల్లలు దాదాపు 99 వేలు. సంతోషించవలసినదే. అయితే ఇది పేరు నమోదైనవాళ్ల లెక్క, పుట్టిన గొర్రెపిల్లల లెక్క లాంటిది. మధ్యలో మానేసిందెవరు? 2023 డిసెంబరులో లోక్‌సభలో ప్రభుత్వం చెప్పిన దాని ప్రకారం అంతకు ముందు అయిదేళ్లలో కేంద్రీయ విశ్వవిద్యాలయాలు, ఐఐటీలు, ఐఐఎంల నుంచి వెళ్లిపోయిన ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థులు 13 వేలకు పైమాటే. ఇది అన్ని కోర్సులకూ కలిపి. విద్యార్థులకు అవకాశాలు చాలా ఉంటాయి, ఒకచోటి నుంచి ఇంకొకచోటికి మారుతుంటారని మంత్రిగారు వివరించారు. మారినవాళ్లూ ఉంటారు. కానీ అడగకుండా ఎట్లా తెలుస్తుంది?

నేను చదివిన చోట, పేరు చెప్పను, నాతోపాటు గదిలో ఒక అమ్మాయి ఉండేది. చేనేత ఇంటి పిల్ల. లెక్కల్లో నాకంటే గట్టిది. మాకు ఫెలోషిప్ వచ్చేది, కాని ఎప్పుడొస్తుందో తెలిసేది కాదు. ఒకసారి ఎనిమిది నెలలు రాలేదు. నాకు అన్న సాంచె నడిపి డబ్బు పంపాడు. ఆమెకు పంపేవాళ్లు లేరు. మెస్సు బాకీ కట్టలేక మూడో ఏడు సామాను సర్దుకుంది. వెళ్లేముందు ఆఫీసులో ఆమె చేత రాయించుకున్న కాగితం నేను చదివాను, ‘వ్యక్తిగత కారణాల వల్ల’ అని. నాన్న హిసాబు కాగితం ఆ పూట నాకు గుర్తొచ్చింది.

ఇప్పుడు జె.ఆర్.ఎఫ్. నెలకు 37 వేలు, 2023 జనవరి నుంచి. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు 2005-06 నుంచి, ఓబీసీలకు 2014-15 నుంచి జాతీయ ఫెలోషిప్పులు మొదలయ్యాయి. మైనారిటీ విద్యార్థుల మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను 2022లో ఆపేశారు. మన రాష్ట్రంలో దళిత విద్యార్థులకు బార్టీ, వెనుకబడిన వర్గాలకు మహాజ్యోతి ఉన్నాయి. మన ఊరి విశ్వవిద్యాలయానికి ఇప్పుడు అహల్యాదేవి హోల్కర్ పేరు ఉంది, ఆమె గొర్రెల కాపరుల ఇంటి ఆడబిడ్డ. పిల్లలను అక్కడికి పంపితే సరిపోదు. ఫెలోషిప్ ఏ నెలకు వచ్చింది, ఏ నెలకు రాలేదు అని మీరు అడగాలి. బోనసు సంగతి యూనియన్ అడిగినట్టే ఇదీ అడగాలి.

మన పిల్లలే ఎందుకు అంటారా? నేను పరిశోధనకు ఇదే ఊళ్లో తిరిగినప్పుడు నా చేతిలో అచ్చేసిన ప్రశ్నల కాగితం ఉంది. ‘మీకు దగ్గు ఉందా?’ అని మొదటి ప్రశ్న. అడిగితే ఒక తాత ‘లేదు బిడ్డా’ అన్నాడు, దగ్గుకుంటూనే. కార్డింగ్‌లో దగ్గు ఒక జబ్బా, అందరికీ ఉండేదే కదా అని ఆయన లెక్క. కాగితం పక్కన పెట్టి, ‘తాతా, సెలవు మర్నాడు రొమ్ము బిగుస్తదా?’ అని అడిగాను. ఆయన నా చేయి పట్టుకుని కూర్చోబెట్టుకున్నాడు. గంటసేపు చెప్పాడు. ఆ ప్రశ్న నేను ఏ పుస్తకంలోనూ నేర్చుకోలేదు, మా గడప మీద నేర్చుకున్నాను.

నా మాట అయిపోతోంది. కార్యదర్శిగారూ, నేనూ కలిసి ఒక పని తలపెట్టాం. నూలు ఖాతాల్లో పనిచేసి మానేసినవాళ్ల పేర్లు ఒక రిజిస్టరులో రాస్తాం. పేరు, ఖాతా, ఎన్నేళ్లు, ఊపిరి ఇబ్బంది ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు మానేశారు, కాగితం మీద ఏ కారణం రాశారు. చనిపోయినవాళ్ల తరఫున భార్యగాని, పిల్లలుగాని చెప్పవచ్చు. మొదటి పేరు మా నాన్నది రాసేశాను. ఆయన 1997లో పోయాడు. డిగ్రీ చదువుతున్న పిల్లలు ఇద్దరు ముగ్గురు రాయడానికి వస్తే బాగుంటుంది, తెలుగు రాయడం రాకపోయినా మాట్లాడడం వస్తే చాలు, మరాఠీలో రాసుకోవచ్చు.

వచ్చే నెల నుంచి ప్రతి ఆదివారం పొద్దున 10 నుంచి ఒంటిగంట దాకా యూనియన్ ఆఫీసు మేడమీద కూర్చుంటాం. పాత హిసాబు కాగితం, ఈఎస్ఐ కార్డు, ఆస్పత్రి చీటీలు ఏవి ఉంటే అవి తీసుకురండి, లేకపోయినా రండి. మెట్లు ఎక్కలేనివాళ్లు కింద చాయ్ దుకాణంలో కూర్చుని కబురు చేయండి, నేనే దిగి వస్తాను.